ప్రమాదం దగ్గర ఆగినవారు ఏం చేయాలి?

సంపాదకులకు,

నగరంలో పెద్ద ప్రమాదం జరిగిన ప్రతిసారీ 'ఒక్కరూ ఆగలేదు, మానవత్వం మంటగలిసింది' అన్న మాట వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. ప్రథమ చికిత్స నేర్పే పనిలో ఉన్న మేం ఆ మాట ఒప్పుకోలేం. హైదరాబాద్‌లో జనం ఆగుతారు. ఎల్బీనగర్‌లోనో మియాపూర్‌లోనో బండి జారి ఎవరైనా పడితే నిమిషంలో పాతికమంది పోగవుతారు. ఆటోడ్రైవర్లు, టీ బండివాళ్లు, డెలివరీ కుర్రాళ్లు అందరికంటే ముందు పరుగెత్తుకొస్తారు. చిక్కంతా ఆ తర్వాతే మొదలవుతుంది. ఫోన్ ఎవరో చేసే ఉంటారని ప్రతి ఒక్కరూ అనుకుంటారు. ఈలోగా ఒకరు నోట్లో నీళ్లు పోస్తారు, ఇంకొకరు చంకల కింద చేతులేసి లేపి కూర్చోబెడతారు.

ముందు ఫోన్ సంగతి. 'ఎవరైనా 108కి చేయండి' అని గుంపులోకి కేకేస్తే లాభం లేదు. ఒకరిని వేలెత్తి చూపించి, 'నీలం చొక్కా తమ్ముడూ, నువ్వు 108కి చెయ్, చేశాక నాకు చెప్పు' అనాలి. 'అన్నా, మీరు కొంచెం వెనక్కి పోయి బండ్లు ఆపండి' అని ఇంకొకరిని పంపాలి. ఫ్లైఓవర్ మీదైతే ఈ రెండోది మరీ ముఖ్యం, సాయం చేస్తున్నవారినే వెనకొచ్చే బండి గుద్దేస్తుంది. పని పంచేవారు ఒక్కరుంటే మిగతావాళ్లు చెప్పింది చేస్తారు.

108 సేవలు 2005లో మొదలైంది ఈ నగరంలోనే. అయినా ఇప్పటికీ చాలామంది చెప్పే ఆనవాలు 'మెట్రో కింద', 'బ్రిడ్జి పక్కన' అనే. పిల్లర్ నంబర్ చెప్పండి. మెట్రో పిల్లర్లకూ, మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వెళ్లే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్లకూ నంబర్లున్నాయి. ఎటు వెళ్లే వైపో కూడా చెప్పాలి. డివైడర్‌కు అవతల దిగిన అంబులెన్స్ యూటర్న్ వెతుక్కుని రావాలి. ఔటర్ రింగ్ రోడ్డు మీదైతే దాటివచ్చిన ఎగ్జిట్ నంబర్ చెప్పండి. అవతలివాళ్లు చాలనేదాకా ఫోన్ పెట్టేయొద్దు.

ఇక పడ్డ మనిషి. భుజం తట్టి గట్టిగా పిలవాలి. పలికితే కదలొద్దని చెప్పి, తల అటూఇటూ తిరగకుండా రెండు చేతులతో పట్టుకోవాలి. నీళ్లు వద్దు. సోయి సరిగా లేనివారికి పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. సోయి ఉన్నా, ఆపరేషన్ అవసరమైతే కడుపు ఖాళీగా ఉండటమే మేలు. దాహం దాహం అంటుంటే మనసు ఆగదు, నిజమే. పెదాలు తడి చేయండి, అంతకుమించి వద్దు.

రక్తం కారుతుంటే శుభ్రమైన బట్ట, చున్నీ అయినా కర్చీఫ్ అయినా, మడతపెట్టి గాయం మీద అరచేత్తో నొక్కాలి. చేతికి కూరగాయల కవరు తొడుక్కుంటే గ్లవుజు లేని లోటు తీరుతుంది. పది నిమిషాలు ఆపకుండా నొక్కాలి. ఇక్కడే ఎక్కువమంది తప్పుచేస్తారు: ఆగిందో లేదో చూద్దామని రెండు నిమిషాలకోసారి బట్ట ఎత్తుతారు. ఎత్తిన ప్రతిసారీ అప్పుడే కడుతున్న గడ్డ ఊడి రక్తం మళ్లీ మొదటికొస్తుంది. బట్ట తడిసిపోతే తీయొద్దు, పైన ఇంకొకటి వేసి ఇంకా గట్టిగా నొక్కాలి. గాజుపెంకో ఇనుపముక్కో గుచ్చుకుని ఉంటే దాన్ని పీకకుండా చుట్టూ నొక్కాలి.

హెల్మెట్ విషయంలో తొందర పనికిరాదు. ఊపిరి బాగా ఆడుతుంటే అద్దం పైకెత్తి వదిలేయండి. ఊపిరి ఆడకపోయినా, వాంతి అయి గొంతుకు అడ్డం పడుతున్నా తీయాల్సిందే, కానీ అది ఇద్దరి పని. ఒకరు మెడ కింద, దవడ కింద చేతులుంచి తల కదలకుండా పట్టాలి. రెండోవారు పట్టీ విప్పి, హెల్మెట్ అంచులు రెండు పక్కలకీ విడదీస్తూ మెల్లగా లాగాలి. ఒక్కరే పట్టుకుని గుంజితే విరిగిన మెడ ఎముక వెన్నుపాముకు గుచ్చుకునే ప్రమాదముంది.

పిలిస్తే పలక్కుండా, ఊపిరి కూడా ఆడకపోతే సీపీఆర్, అంటే గుండె ఆగినవారికి ఛాతీ నొక్కడం, మొదలుపెట్టాలి. ఆగి ఆగి ఎగశ్వాస పీలుస్తుంటే 'ఊపిరుంది' అనుకుని చాలామంది ఆగిపోతారు. అది ఊపిరి కింద లెక్క కాదు. ఛాతీ మధ్య ఎముక కింది సగం మీద అరచేతి మడమ ఉంచి, మోచేతులు వంచకుండా 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. ప్రతి నొక్కుకూ ఛాతీని పూర్తిగా పైకి రానివ్వాలి. రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి. అలసినకొద్దీ నొక్కుడు లోతు తగ్గుతుంది, చేసేవారికి ఆ సంగతి తెలియదు.

మూర్ఛ వచ్చినవారి చేతిలో తాళంచెవులు పెట్టడం ఇంకా పోలేదు. దానివల్ల ఒరిగేదేమీ లేదు. పళ్ల మధ్య స్పూను పెట్టడం మాత్రం హాని. తల కింద మెత్తగా ఏదైనా ఉంచి, కొట్టుకోవడం తగ్గాక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్.

అంబులెన్స్ ఆలస్యమై తప్పనిసరిగా తరలించాల్సివస్తే ఆటో వెనక సీట్లో మడిచి కూర్చోబెట్టకండి. ట్రాలీ ఆటో దొరికితే మేలు, చదునుగా పడుకోబెట్టొచ్చు. తల పట్టుకున్నవారు లెక్కపెడితే మిగతావారంతా ఒక్కసారే ఎత్తాలి.

రాత్రిపూట ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లు దిగడానికి భయపడటంలో తప్పేమీ లేదు. కొంచెం ముందుకెళ్లి వెలుతురున్నచోట ఆగి, తలుపులు వేసుకునే 108కో, అత్యవసర నంబర్ 112కో చేసినా అది సాయమే.

'పోలీసు కేసవుతుంది, కోర్టు చుట్టూ తిప్పుతారు' అన్న భయానికి ఇప్పుడు చట్టంలో జవాబుంది. సాయం చేసినవారి రక్షణకు కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలకు 2016లో సుప్రీంకోర్టు చట్టబలం కల్పించింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ చేర్చారు, 2020లో నిబంధనలు వచ్చాయి. మంచి మనసుతో సాయం చేసినవారి మీద సివిల్, క్రిమినల్ బాధ్యత ఉండదు. పేరు, ఫోన్ నంబర్ చెప్పమని పోలీసులు గానీ ఆసుపత్రివారు గానీ బలవంతపెట్టకూడదు. సాక్షిగా ఉండాలా వద్దా అన్నది వారి ఇష్టం. చికిత్స డబ్బు కట్టమని తెచ్చినవారిని అడగకూడదు. క్షతగాత్రుణ్ణి కేసు పేరుతో వైద్యం చేయకుండా తిప్పి పంపరాదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. 2025లో వచ్చిన నగదురహిత చికిత్స పథకం కింద బాధితుడికి ఏడు రోజుల వరకు లక్షన్నర రూపాయల దాకా వైద్యం అందుతుంది.

సాయం చేసినవారికి ఇచ్చే పారితోషికాన్ని కేంద్రం 5 వేల నుంచి 25 వేలకు పెంచింది. మంచిదే. కానీ మా దృష్టిలో అంతకంటే అవసరమైంది ఒక బోర్డు. ఈ హక్కులను ప్రతి ఆసుపత్రీ ద్వారం దగ్గరో, అందరికీ కనబడే మరోచోటో హిందీ, ఇంగ్లిష్, స్థానిక భాషల్లో రాసి పెట్టాలని నిబంధనలే చెబుతున్నాయి. రిసెప్షన్ వెనక గోడమీద చిన్న అక్షరాల్లో కాదు, క్యాజువాల్టీ గేటు దగ్గర, అర్ధరాత్రి క్షతగాత్రుణ్ణి దించే ఆటోడ్రైవర్ కంటపడేలా, తెలుగుతో పాటు ఉర్దూలోనూ ఆ బోర్డు పెట్టేలా జిల్లా వైద్యాధికారులు తనిఖీ చేయాలి. పిల్లర్ నంబర్లను రెండు వైపులా, రాత్రి మెరిసే రంగుతో మళ్లీ రాయించే పని జీహెచ్‌ఎంసీ, మెట్రో అధికారులు తలపెట్టాలి. పోస్టర్లు అంటించిన పిల్లర్ల మీద చీకట్లో ఆ నంబర్ ఏమీ కనబడదు.

– ప్రథమ చికిత్స శిక్షకులు, హైదరాబాద్