రోలర్ కోస్టర్ క్యూ పెరిగేది జనం వల్ల కాదు, నడిపే తీరు వల్ల

సంపాదకులు గారికి,

వేసవి సెలవుల రద్దీ గురించి మీ పత్రికలో పోయిన ఆదివారం వచ్చిన వార్త చదివినప్పటి నుంచి రాయాలని అనుకుంటూనే ఉన్నాను, ఇవాళ్టికి కుదిరింది. అమ్యూజ్‌మెంట్ పార్కులు కిటకిటలాడుతున్నాయని, రోలర్ కోస్టర్ దగ్గర గంటల తరబడి నిలబడాల్సి వచ్చినా పిల్లల ఉత్సాహం తగ్గలేదని రాశారు. ఆ క్యూ అంత పొడవు ఎందుకు ఉందో మాత్రం ఎక్కడా లేదు. జనం ఎక్కువగా వచ్చారు కాబట్టి ఆలస్యమైందని పార్కు వాళ్లు చెప్పిన మాటనే అచ్చు వేశారు. నేను ఆర్టీసీ ట్రాఫిక్ విభాగంలో పని చేసి రిటైరైన మనిషిని. సంక్రాంతికి బస్టాండులో జనం ఎక్కువైతే స్పేర్ బండ్లు తీసి రోడ్డెక్కించేవాళ్లం, ప్రయాణికుల మీద నెపం వేసి కూర్చునేవాళ్లం కాదు.

పోయిన నెలలో మనవలతో పక్క రాష్ట్రంలోని ఒక పార్కుకు వెళ్లాం. పేరు రాయను, ఎందుకంటే ఇది ఒక్క పార్కు జబ్బు కాదు. విజయవాడ, గుంటూరు వైపు నుంచి ఇలాంటి చోట్లకి వెళ్లే కుటుంబాలు రాత్రి బస్సెక్కి, నిద్ర లేకుండా పొద్దున్నే దిగి, తలకు ఇంత అని టికెట్ కొనుక్కుని లోపలికి పోతాయి. పిల్లలు అంత దూరం నుంచి కలలు కంటూ వచ్చేది ఆ ఒక్క రోలర్ కోస్టర్ కోసం. ఆ కోస్టర్‌కి రెండు ట్రైన్లు ఉన్నాయి. రెండోది పక్కన షెడ్డులో పట్టా కప్పి ఉంది, క్యూలోంచి అందరికీ కనపడుతూనే ఉంది. నడుస్తున్నది ఒక్కటే. అందులో 24 సీట్లు. నిలబడి చూడటం తప్ప పని లేదు కాబట్టి వాచీ చూసుకున్నాను, సుమారుగా ఆరు నిమిషాలకు ఒకసారి వదులుతున్నారు. రైడ్ అంతా కలిపి రెండు నిమిషాలు కూడా లేదు, మిగతా సమయమంతా జనం దిగడం, ఎక్కడం, బ్యాగులు ఎక్కడ పెట్టాలో తెలియక వెతుక్కోవడం, ఒకే ఒక కుర్రాడు మనిషి జారిపోకుండా పట్టి ఉంచే సీట్ల బార్లన్నీ ఒక్కొక్కటిగా లాగి చూడటం. అంటే గంటకు పది ట్రిప్పులు, 240 మంది. మా ముందు అయిదు వందల మంది ఉంటే రెండు గంటలు దాటుతుంది. రెండో ట్రైన్ బయటికి తీసి, ప్లాట్‌ఫాం మీద ఇంకో ఇద్దరిని పెట్టి మూడు నిమిషాలకు ఒకటి వదిలితే అదే క్యూ సుమారు గంటలో తెగిపోతుంది. జనం అంతమందే, ట్రాక్ అదే, టికెట్ ధర కూడా అదే. తేడా అంతా జీతాలు మిగుల్చుకోవడంలో ఉంది.

అమెరికాలో ఒహాయోలో సీడార్ పాయింట్ అనే పార్కు ఉంది. అక్కడ 2000 సంవత్సరంలో తెరిచిన మిలీనియం ఫోర్స్ కోస్టర్‌కు ఒక్కొక్కదానిలో 36 మంది పట్టే ట్రైన్లు మూడు. గంటకు దాదాపు 1300 మందిని తిప్పేలా దాన్ని కట్టారు. అన్ని రోజులూ ఆ లెక్క అందుకుంటారని నేననను, కానీ గంటకు ఎంతమంది అన్న లెక్క పెట్టుకుని నడుపుతారు. మన దగ్గర ఆ ప్రశ్న వేస్తే ప్లాట్‌ఫాం మీద ఉన్న సూపర్‌వైజర్‌కి నేనేం అడుగుతున్నానో కూడా అర్థం కాలేదు. ఆ అబ్బాయిని తప్పు పట్టను, అతనికి ఎవరూ నేర్పలేదు.

ఇలా రాస్తే తొందరపెట్టి ప్రాణాల మీదకు తెమ్మంటున్నాడు అనుకునేవాళ్లు ఉంటారు. అస్సలు కాదు. కోస్టర్ ట్రాక్‌ను బ్లాకులుగా విడగొడతారు, ఒక బ్లాకులో ఒక ట్రైన్ ఉండగా ఇంకోటి రాకుండా కంప్యూటరే ఆపేస్తుంది, రైల్వే సిగ్నల్ పద్ధతే అది. 2015 జూన్ 2న ఇంగ్లండ్‌లోని ఆల్టన్ టవర్స్ పార్కులో స్మైలర్ అనే రైడ్‌ను కంప్యూటర్ సరిగ్గానే ఆపింది. ముందు ఖాళీ ట్రైన్ ఒకటి ట్రాక్ మీద ఆగిపోయి ఉందని గమనించకుండా సిబ్బంది ఆ రక్షణను పక్కన పెట్టి, 16 మంది ఉన్న ట్రైన్‌ను వదిలారు. ఇద్దరు అమ్మాయిలు చెరో కాలు పోగొట్టుకున్నారు, కంపెనీకి కోర్టు 50 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. బార్లు లాగి చూడటం, బెల్టులు చూడటం ఒక్క సెకను కూడా తగ్గకూడదు. ఒక్కడు చేసే పని నలుగురు చేస్తే చెకింగూ గట్టిగా జరుగుతుంది, ట్రైనూ వేళకు కదులుతుంది. సాయంత్రానికి ఆ ఒక్క కుర్రాడు ఎంత అలిసిపోయి ఉంటాడో, చివరి ట్రిప్పులో అతను లాగిన బార్ ఎంత శ్రద్ధగా లాగి ఉంటాడో, అది తలుచుకుంటే నాకు ఎక్కువ టెన్షన్.

ఇంక ఎక్కాక సుఖం గురించి. మా పెద్ద మనవరాలు దిగేసరికి చెవులు రెండూ ఎర్రగా కందిపోయి ఉన్నాయి, మెడ రెండు రోజులు పట్టేసింది. భుజాల మీదుగా దిగే ఆ గట్టి బార్లు తలకు రెండు వైపులా ఉంటాయి, ట్రైన్ వంపు తిరిగినప్పుడల్లా తల వాటికి కొట్టుకుంటుంది. బార్ల మీది ఫోం చిరిగి రెక్సిన్ ముక్కలు వేలాడుతున్నాయి. చక్రాల మీద రబ్బరు లాంటి పాలీయురేథేన్ పొర ఉంటుంది, అది అరిగిపోతే ఆ అదురు ఇంకా పెరుగుతుంది, దాన్ని ఎప్పటికప్పుడు మార్చాలి. ఈ రోజుల్లో కట్టే కోస్టర్లలో మనిషి గుండె దగ్గర ఇరుసు ఉన్నట్టుగా ట్రాక్‌ను తిప్పుతారు, పక్కకు విసిరినట్టు ఉండదు, భుజాల బార్లకు బదులు మెత్తటి వెస్టులు వస్తున్నాయి. పాతదాన్ని కూల్చి కొత్తది కట్టమని ఎవరూ అడగడం లేదు. ఫోం మార్చడానికి ఎంతవుతుంది? "తల వెనక్కి ఆనించి కూర్చోండి" అని మైకులో చెప్పడానికి ఎంతవుతుంది? సినిమా పాటలు వేయడానికి ఆ మైకు రోజంతా పనిచేసింది.

చిన్న మనవడి సంగతి చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. ఎత్తు చాలదని వాణ్ణి వెనక్కి పంపారు. నియమం సరైనదే, దాన్ని సడలించమని నేను అడగలేదు, అడగను కూడా. కానీ ఎత్తు కొలిచే కర్ర క్యూ మొదట్లో పెట్టాలి గానీ మెట్లన్నీ ఎక్కి, ఎండలో గంటల కొద్దీ నిలబడి, రైడ్ గేటు దాకా వచ్చాక పెడతారా? వాడొక్కడే కాదు, వాడిలాగే ఏడుస్తూ మెట్లు దిగిన పిల్లల్ని ఇంకా చూశాను. పై నుంచి షెడ్ లేదు, ఫ్యాన్ లేదు, తాగే నీళ్లు లేవు, మధ్యలో బాత్‌రూంకి వెళ్తే మళ్లీ వెనక నుంచి రావాలి.

మేము అలా నిలబడి ఉండగానే అదనంగా డబ్బు కట్టిన ఫాస్ట్ ట్రాక్ వాళ్లు పక్క గేటులోంచి వచ్చి ప్రతి ట్రైన్‌లో సగం సీట్లు నింపేస్తున్నారు. ఉన్న సీట్లే తక్కువైనప్పుడు వాటినే రెండోసారి అమ్ముకోవడం కదా ఇది. డిస్నీ వాళ్లు 1999లో ఫాస్ట్‌పాస్ మొదలుపెట్టినప్పుడు అది అందరికీ ఉచితం, ఫలానా వేళకు రా అని చీటీ ఇచ్చేవాళ్లు. తర్వాత వాళ్లూ డబ్బు దారే పట్టారు, మనవాళ్లు వాళ్ల దగ్గర నేర్చుకున్నది ఆ రెండోది ఒక్కటే. అంత దూరం ఎందుకు, తిరుమల చూడండి. ఎన్ని కంపార్ట్‌మెంట్లు నిండాయో, సర్వదర్శనానికి ఎన్ని గంటలు పడుతుందో మీ పత్రికే రోజూ వేస్తుంది. 300 రూపాయల టికెట్లు కూడా లెక్క ప్రకారమే ఇస్తారు, టైం స్లాట్ టోకెన్లు ఉన్నాయి. అక్కడ ఎన్ని లోపాలున్నా ఎంతసేపు పడుతుందో ముందే తెలుస్తుంది, ఉండాలో వెళ్లాలో మనిషి నిర్ణయించుకుంటాడు. అంత పెద్ద కొండ మీద కుదిరేది నాలుగు గోడల మధ్య ఉన్న పార్కులో ఎందుకు కుదరదు?

అధికారుల విషయానికొస్తే ఇంకా బాధ కలుగుతుంది. 2018 మేలో అనంతపురం ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ ట్రాలీ ఊడిపడి పదేళ్ల పాప చనిపోయింది. 2019 జులైలో అహ్మదాబాద్ కాంకరియాలో రైడ్ విరిగిపడి ఇద్దరు పోయారు. 2025 జనవరిలో నాంపల్లి నుమాయిష్‌లో రైడ్ మధ్యలో ఆగిపోయి జనం తలకిందులుగా వేలాడారు. అదే ఏడాది ఏప్రిల్‌లో ఢిల్లీ దగ్గర రోలర్ కోస్టర్ నుంచి పడి ఒక యువతి చనిపోయింది. జరిగిన ప్రతిసారీ కేసు పెడతారు, తనిఖీలంటారు, పక్షం రోజుల తర్వాత ఎవరికీ గుర్తుండదు. రైడ్ల భద్రతకు భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణాలు రాసి పెట్టి ఏళ్లయింది. ఆ ప్రకారం ఈ రైడ్‌ను చివరిసారి ఎవరు చూశారు, ఏ తేదీన చూశారు అనేది గేటు దగ్గర బోర్డు మీద ఎందుకు ఉండదు? బస్సుకైతే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అడుగుతారు. మా టికెట్‌లోంచి 18 శాతం జీఎస్టీ మాత్రం ఠంచనుగా పోతుంది.

ఏ రైడ్ మూసి ఉందో, ఏ రైడ్‌కి ఎంతసేపు పడుతుందో టికెట్ కౌంటర్ దగ్గరే, డబ్బు తీసుకోకముందే బోర్డు పెట్టించాలని జిల్లా కలెక్టర్లు, పోలీసులు లైసెన్సులోనే షరతు రాయవచ్చు, దానికి కొత్త చట్టం అక్కర్లేదని నా అభిప్రాయం. మిమ్మల్ని కోరేది కూడా ఒకటుంది. దసరా సెలవులకు మీ విలేకరి మళ్లీ అలాంటి వార్త రాయడానికి వెళ్తే, ఈ కోస్టర్‌కి ఎన్ని ట్రైన్లున్నాయి, ఇవాళ ఎన్ని నడిపారు, గంటకు ఎంతమందిని ఎక్కించారు అని మేనేజర్‌ని అడిగి, ఆయన చెప్పిన జవాబును ఫొటో పక్కనే వేయండి.

— ఒక రిటైర్డ్ ఆర్టీసీ ఉద్యోగి, విజయవాడ