నాటకమా, కచేరీయా అని అడగకుండా మాకు హాలు ఇప్పించండి

రాష్ట్ర సాంస్కృతిక శాఖ మంత్రి గారికి నెల్లూరు నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

మాది నెల్లూరులో ఒక ఔత్సాహిక నాటక సమాజం. నాటకం మీద బతికేవాళ్ళం కాదు, నాటకం కోసం జేబులో డబ్బు తీసేవాళ్ళం. మాలో రిటైరైన పోస్టుమాస్టరు ఉన్నారు, రొయ్యల మేత కంపెనీ అకౌంటెంటు ఉన్నాడు, ఇద్దరు టీచరమ్మలున్నారు, ఒక నర్సు ఉంది. హార్మోనియం వాయించేది ఆర్టీసీ కండక్టరు. ఆయన డ్యూటీ చార్టును బట్టే మా రిహార్సల్స్. కొంతకాలంగా మేం పాత నాటకాల్లోని నవ్వు ఘట్టాలను వేషాలు, తెరలు లేకుండా కుర్చీల్లో కూర్చుని పాడుతున్నాం. చేతిలో పుస్తకం, ముందు మైకు, పక్కన హార్మోనియం, తబలా. అంతే సరంజామా.

మేం అడిగేది పెద్దదేం కాదు. జిల్లాలో ప్రభుత్వం చేతిలో ఉన్న హాళ్ళలో నెలకు ఒక సాయంత్రం, టిక్కెట్టు పెట్టని ఔత్సాహిక సమాజాలకు కరెంటు, శుభ్రం ఖర్చు మాత్రమే తీసుకుని ఇవ్వాలి. కూర్చుని పాడినా అది నాటకమేనని మీ శాఖ ఒక్క ముక్క రాసి పంపాలి.

రెండోది ఎందుకు అడుగుతున్నానో చెబితే మీకు నవ్వొస్తుంది. మాకైతే అప్పుడు రాలేదు. హాలు కోసం దరఖాస్తు పెడితే ఒక ఆఫీసులో అడిగారు, "మీది డ్రామానా, కచేరీనా?" డ్రామా అన్నాం. "అయితే సెట్టింగులేవి, మేకప్ మేన్ ఎవరు?" అన్నారు. అవేం ఉండవండీ, కూర్చుని పాడతాం అన్నాం. "అయితే కచేరీ. విద్వాంసుల వివరాలు రాయండి." మా పోస్టుమాస్టరు గారిని విద్వాంసుడని రాయడానికి ఆయనే ఒప్పుకోలేదు. చివరికి మమ్మల్ని 'ఇతర కార్యక్రమాలు' అనే గడిలో పడేశారు. పెళ్ళి రిసెప్షన్లూ, చీరల సేల్స్ ఎగ్జిబిషన్లూ ఉండే గడి అది. అద్దె కూడా వాటి అద్దే. ఆ గుమాస్తా గారి తప్పేం లేదు. ఆయన ఫారంలో మాకు చోటు లేదు.

వేషాలు లేకుండా పాడడం మేం కనిపెట్టింది కాదు. ఇంగ్లండులో గిల్బర్ట్, సల్లివన్ అనే ఇద్దరు 1871 నుంచి 1896 దాకా పద్నాలుగు హాస్య సంగీత నాటకాలు రాశారు. ఒకాయన మాటలు, ఒకాయన బాణీలు. అక్కడి ఔత్సాహిక సంఘాలు ఇవాళ్టికీ వాటిని పాడుతూనే ఉన్నాయి. డబ్బు, స్థలం ఉన్నప్పుడు పూర్తి వేషాలతో, లేనప్పుడు గాయకులు వరసగా నిలబడి పుస్తకం చూసి పాడతారు. దాన్ని కాన్సర్ట్ పర్ఫార్మెన్స్ అంటారు. 1875లో వచ్చిన వాళ్ళ 'ట్రయల్ బై జ్యూరీ'లో వట్టి మాటలే లేవు, మొదటి నుంచి చివరిదాకా పాటే. ముప్పావుగంటలోపే అయిపోతుంది. పెళ్ళాడతానని మాటిచ్చి తప్పిన వాడి మీద కోర్టు కేసు దాని కథ.

ఆ కథ వినగానే మాకు 'వరవిక్రయం' గుర్తొచ్చింది. కాళ్లకూరి నారాయణరావు గారు రాసిన ఆ నాటకంలో కమల పెళ్ళి గొడవ కూడా కోర్టుకే ఎక్కుతుంది కదా. కట్నం ఇచ్చి పెళ్ళికొడుకును కొనుక్కున్నాం కాబట్టి అతనే మా ఇంటికి రావాలని ఆ పిల్ల వాదించే వాదన ముందు ఏ దేశపు హాస్యమైనా దిగదుడుపే. పైగా దాని వెనుక అక్క కాళింది చావు ఉంది. నవ్వుతూ నవ్వుతూ ఉన్న హాలు ఒక్కసారి నిశ్శబ్దమైపోవడం అక్కడ చూడాలి. కట్నం గుంజిన సింగరాజు లింగరాజు పిసినారితనాన్ని మా అకౌంటెంటు గొంతుతోనే చూపిస్తాడు. కిరీటం లేదు, కండువా సర్దుకోవడం లేదు. డబ్బు మాట వచ్చినచోట గొంతులో ఒక చిన్న జీర, అంతే.

వేషం తీసేస్తే పోయేదేమిటో మాకు తెలుసు. కృష్ణుడు నడిచొచ్చే ఠీవి పోతుంది, తెర లేచినప్పటి ఆ గగుర్పాటు పోతుంది. దానికి బదులు మాట దక్కుతుంది. పద్యనాటకంలో హాస్యం మాటలో ఉంటుంది. రాగాన్ని అయిదు నిమిషాలు లాగి వన్స్ మోర్ కొట్టించుకునే అలవాటులో ఆ మాట మునిగిపోయింది. మైకుల్లేని రోజుల్లో చివరి వరసకు వినబడాలని ఎత్తు శ్రుతిలో పాడాల్సి వచ్చేది, అది అవసరం. ఇప్పుడా అవసరం తీరినా అలవాటు మాత్రం మిగిలింది. మేం శ్రుతి దించాం, రాగం కత్తిరించాం. పద్యం మొదటిసారే అర్థమై జనం నవ్వుతున్నారు. ఘట్టానికీ ఘట్టానికీ మధ్య పోస్టుమాస్టరు గారు సూత్రధారుడిలా నాలుగు మాటలు చెప్పి కథ కలుపుతారు. తెల్లవార్లూ సాగే నాటకం గంటన్నరలో ముగుస్తుంది, ఆఖరి సిటీ బస్సు అందుతుంది.

మరో లాభం కూడా ఉంది. 'శ్రీకృష్ణ తులాభారం'లో సత్యభామగా పాడే మా టీచరమ్మకు అరవై దాటాయి. వేషం కట్టి నిలబడమంటే ఆవిడే సిగ్గుపడుతుంది. కూర్చుని 'మీరజాలగలడా' ఎత్తుకుంటే మాత్రం ఆ అలకకు వయసు లేదు. ఆ పాటను కట్టి, పాడి, ఊరూరా మోగించిన స్థానం నరసింహారావు గారు మగవాడు! ఆయన్ను సత్యభామ అని నమ్మిన జాతి, 1956లో పద్మశ్రీ కూడా ఇచ్చుకున్న జాతి, మా టీచరమ్మను నమ్మలేదా?

కాళ్లకూరి వారి పేరెత్తాను కాబట్టి ఆయనదే మరో నాటకం 'చింతామణి' సంగతి దాటవేస్తే బాగుండదు. సుబ్బిశెట్టి పాత్ర మీద అభ్యంతరాలు రావడంతో 2022 జనవరిలో ప్రభుత్వం దాని ప్రదర్శనను నిషేధించింది. ఆ నిర్ణయం మీద వాదించడానికి ఈ లేఖ రాయడం లేదు. మేం ఆ నాటకం జోలికి పోవడమూ లేదు. ఒక్క మాట మాత్రం మనవి చేస్తాను. స్టేజీ మీద నాటకం పాడైపోయేది చాలాసార్లు రచయిత రాసిన మాటతో కాదు, ఈలల కోసం నటుడు అప్పటికప్పుడు కలిపే మాటతో. చేతిలో పుస్తకం పెట్టుకుని పాడేవాడికి ఆ కలుపుడు కుదరదు. కవి ఏం రాశాడో అదే వినబడుతుంది.

మా ఊరికి ఈ రుచి కొత్త కాదు. వేదం వెంకటరాయ శాస్త్రి గారి పేరుతో ముడిపడ్డ ఆంధ్రభాషాభిమాని సమాజం అనే నాటక సంస్థ నెల్లూరిదే. 1897లో వచ్చిన ఆయన 'ప్రతాపరుద్రీయం'లో చాకలి పేరిగాడు రాజుగారి పోలికలతో ఉండడం వల్ల సింహాసనం ఎక్కాల్సి వస్తుంది. వాడు మాట్లాడేది వాడి భాషే, పండితుల భాష కాదు. ఆ ఘట్టం చదువుతుంటే మా తబలా ఆయన వాయించడం మానేసి నవ్వుతూ కూర్చుంటాడు. అదో ఇబ్బంది. ఇక పక్క జిల్లాకు ఎవరి పేరు పెట్టుకున్నామో ఆ ప్రకాశం పంతులు గారు కూడా ఒంగోలులో కుర్రతనంలో ఆడవేషాలు కట్టినవారే. బడిలో పాఠం చెప్పిన ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారే ఆయన్ను నాటకాల్లోకి దించారు. ఏటా ఆగస్టు 23న ఆయన విగ్రహానికి పూలదండలు వేసేటప్పుడు ఈ సంగతి కూడా ఎవరైనా చెబితే బాగుంటుంది.

మీ శాఖ నాటకానికి ఏమీ చేయడం లేదని నేను అనను. కందుకూరి వీరేశలింగం గారి పుట్టినరోజు ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుతున్నారు. నంది నాటకోత్సవాలున్నాయి. అక్కడ పద్యనాటకం, సాంఘిక నాటకం, నాటిక, బాలల నాటిక అంటూ విభాగాలున్నాయి. అవి పోటీలు. పోటీకి సెట్టింగులు కావాలి, లైటింగ్ కావాలి, అద్దె కిరీటాలూ భుజకీర్తులూ కావాలి, మనుషులు వారం రోజులు సెలవు పెట్టాలి. ఒక పోటీ ప్రదర్శనకయ్యే ఖర్చుతో మాకు ఏడాది గడుస్తుంది. ఏడాదంతా పాడుకునే ఊరి సమాజాలు లేకపోతే ఆ పోటీలకు నటులు ఎక్కడి నుంచి వస్తారో కూడా ఆలోచించాలి. కందుకూరి వారి 'వ్యవహార ధర్మబోధిని' 1880లో రంగస్థలం ఎక్కింది. ప్లీడర్లనూ కోర్టు వ్యవహారాలనూ ఎగతాళి చేసిన ఆ నాటకం ఆడినవాళ్ళు విద్యార్థులు. వాళ్ళకు ఎవరూ గ్రేడింగ్ ఇవ్వలేదు.

హక్కుల సమస్య వస్తుందేమోనని ఎవరైనా అంటారేమో. మన దేశంలో రచయిత పోయిన తర్వాత అరవై ఏళ్ళ దాకా కాపీరైటు ఉంటుంది. కాళ్లకూరి వారు 1927లో, వేదం వారు 1929లో పోయారు. ఆ నాటకాలు ఇప్పుడు అందరివీ. మీ శాఖ పూనుకుంటే కూర్చుని పాడుకోవడానికి వీలుగా, పెద్ద అక్షరాలతో, పద్యానికి రాగం పేరు రాసి ఉన్న ప్రతులు అచ్చువేయించి లైబ్రరీలకు ఇవ్వొచ్చు. మా దగ్గరున్న 'వరవిక్రయం' ప్రతికి మధ్యలో కొన్ని పేజీలు లేవు. ఆ భాగం పోస్టుమాస్టరు గారు జ్ఞాపకంతో చెబుతుంటే టీచరమ్మ నోటుబుక్కులో ఎక్కించింది. అసలు ప్రతితో పోల్చి చూసుకునే అవకాశం ఇంకా దొరకలేదు.

హాలు ఇస్తే మేం చేయగలిగింది కూడా చెబుతాను. ప్రతి సాయంత్రానికీ ఒక ప్రభుత్వ పాఠశాల పిల్లల్ని ముందు వరసల్లో కూర్చోబెడతాం. చివరి పావుగంట వాళ్ళదే. ఒక పద్యం నేర్పి పాడిస్తాం. ఆసక్తి ఉన్న పిల్లలకు ఆదివారాలు హార్మోనియం మెట్లు చూపిస్తానని మా కండక్టరు ముందే మాటిచ్చాడు, డ్యూటీ లేని ఆదివారాలు.

ఈ లేఖ ప్రతిని జిల్లా కలెక్టరు గారికి కూడా పంపుతున్నాం. మీరు నెల్లూరు వచ్చినప్పుడు ఒక గంటన్నర వీలు చేసుకుని రండి. ముందు వరసలో కుర్చీ ఉంటుంది, కాఫీ ఉంటుంది. సన్మానం మాత్రం ఉండదు, ఏమీ అనుకోవద్దు. శాలువా కొనే డబ్బుతో తబలాకు కొత్త తోలు వేయించాల్సి ఉంది.

ఇట్లు
మీ విధేయుడు,
ఒక ఔత్సాహిక నాటక సమాజం సభ్యుడు,
నెల్లూరు