పెరటి తలుపు తెరిచే ఉంది, మీ సెన్సర్ మోగలేదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: తెనాలిలో మా అమ్మ ఇంట్లో సిగ్నల్ చూడకుండా సెన్సర్లు బిగించడం గురించి

నమస్కారమండీ.

మా అమ్మకు 74 ఏళ్లు. తెనాలిలో ఒక్కతే ఉంటుంది, నేను హైదరాబాదులో ఉంటాను. రాత్రి 11 దాటాక పెరటి తలుపు 10 నిమిషాలకు మించి తెరిచి ఉంటే నా ఫోన్ మోగాలని మీ తలుపు సెన్సర్ కిట్ కొన్నాను. పోయిన నెల ఒక రాత్రి అమ్మ పెరట్లో కాలు జారి పడింది. తలుపు బార్లా తెరిచే ఉంది. నా ఫోన్ మోగలేదు. తెల్లారి పాలతను చూసేదాకా ఆమె తడి గచ్చు మీదే ఉంది. ఎముకలు విరగలేదు, అదొక్కటే అదృష్టం. యాప్‌లో మాత్రం రాత్రంతా ‘తలుపు మూసి ఉంది’ అనే ఉంది.

మీ కాల్ సెంటర్‌కు రెండుసార్లు ఫోన్ చేస్తే, ఇంటర్నెట్ ప్లాన్ మార్చుకోమన్నారు. ఆ సెన్సర్ నడిచేది జిగ్బీ అనే, ఇలాంటి చిన్న పరికరాలు వాడే రేడియో సిగ్నల్ మీద, వైఫై మీద కాదు. వైఫై కూడా జిగ్బీ వాడే 2.4 గిగాహెర్ట్జ్‌నే వాడుతుంది కాబట్టి, సెన్సర్ల సిగ్నల్ అందుకునే పెట్టెను, అంటే హబ్‌ను, రూటర్‌కు ఆనించి పెట్టకూడదు. బిగించడానికి వచ్చిన మీ మనిషి దాన్ని టీవీ వెనకాల, సరిగ్గా రూటర్ పక్కనే పెట్టి వెళ్లాడు. అక్కడి నుంచి పెరటి తలుపుకు మధ్యలో రెండు తొమ్మిదంగుళాల గోడలు, ఇనప బీరువా, ఫ్రిజ్ ఉన్నాయి. పైగా సెన్సర్‌ను రేకు తలుపుకే అతికించాడు. లోహానికి అంటుకుంటే అందులోని యాంటెన్నా సరిగా పని చేయదు.

ఊరెళ్లి నేనే చూశాను. మీ యాప్ సెట్టింగుల్లో సిగ్నల్ పేజీ ఉంది. సెన్సర్ రేకు మీద ఉన్నప్పుడు మైనస్ 91 చూపించింది. సెన్సర్‌ను చెక్క గుమ్మానికి మార్చి, దాని జత అయస్కాంతం తలుపు మీదే ఉంచితే మైనస్ 84కు మెరుగైంది. హబ్‌ను భోజనాల గది గోడకు, మనిషెత్తులో పెడితే మైనస్ 68. సున్నాకు దగ్గరయ్యే కొద్దీ సిగ్నల్ బలం. అరగంట పని, అది మీ మనిషి చేయాల్సింది.

అన్నిటికంటే బాధపెట్టింది ఇంకొకటి. సిగ్నల్ అందుకుని ముందుకు పంపే ప్లగ్‌ను గీజర్ స్విచ్‌కు పెట్టాడు. అమ్మ స్నానం కాగానే ఆ స్విచ్ కట్టేస్తుంది, ముప్పై ఏళ్ల అలవాటు. బ్యాటరీ సెన్సర్లు ఒకదాని సిగ్నల్ ఇంకొకటి మోయవు. అంటే రోజులో ఎక్కువ భాగం ఆ తలుపుకు దిక్కు లేదు. ఈ ఇంట్లో ఏ స్విచ్ ఎప్పుడూ వేసే ఉంటుందని అమ్మను ఒక్క మాట అడిగి ఉంటే చాలు. డబ్బా మీద ‘100 మీటర్లు’ అని రాశారు. అది గోడల్లేని మైదానం లెక్క.

మీరు మనిషిని పంపి, తలుపులన్నీ మూసి, గీజర్ ఆపి, ప్రతి సెన్సర్ దగ్గరా సిగ్నల్ కొలిచి కాగితం మీద రాసివ్వాలి. ప్లగ్‌ను ఇన్వర్టర్ లైనుకు మార్చాలి. సెన్సర్ మూగబోతే యాప్ పాత స్థితి చూపించడం మానేసి నాకు వెంటనే చెప్పాలి. ఇవి కుదరకపోతే డబ్బు వాపసు ఇవ్వండి. లేదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తాను. బిల్లు, సిగ్నల్ పేజీ ఫొటోలు జత చేశాను.

అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంది. 15వ తారీఖున తెనాలి వెళ్లిపోతానంటోంది. ఆలోపే మనిషిని పంపండి.

ఇట్లు,
మీ కొనుగోలుదారు