ఓపిక గురించి మాకా చెప్పేది?

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ ఆదివారం అనుబంధంలో అమెరికా మెటల్ బ్యాండ్ మెటాలికా మీద వచ్చిన వ్యాసం చదివి ఊరుకుందామనుకున్నాను. వల్ల కాలేదు. వాళ్లు పెద్దవాళ్లయ్యారట, నాణ్యత కావాలంటే టైమ్ పడుతుందట, కొత్త ఆల్బమ్ ఎప్పుడిస్తే అప్పుడే అభిమానులకు పండగట. బాగానే ఉన్నాయి సుద్దులు.

లెక్క చూడండి. 1983, 84, 86, 88. ఐదేళ్లలో నాలుగు ఆల్బమ్‌లు. ఇప్పటికీ జనం గొంతు చించుకునేది వాటికీ, 1991 నాటి బ్లాక్ ఆల్బమ్‌కీ. (ఆ క్యాసెట్ నేను గంటస్తంభం దగ్గర కొన్నప్పుడు నల్లటి అట్ట చూసి షాపాయన "అచ్చు సరిగ్గా పడలేదు బాబూ" అని ఐదు రూపాయలు తగ్గించాడు. అట్ట మూల నక్కిన పాము బొమ్మను నేనూ చూపించలేదు.) 1986లో స్వీడన్‌లో బస్సు బోల్తాపడి బేస్ గిటారిస్టు క్లిఫ్ బర్టన్ పోతే, కొద్ది వారాల్లోనే ఇంకొకరిని చేర్చుకుని స్టేజీ ఎక్కారు. రెండేళ్లు తిరక్కుండానే తర్వాతి ఆల్బమ్ చేతికిచ్చారు. అప్పటికి పాతికేళ్ల కుర్రాళ్లు.

డబ్బూ సొంత స్టూడియో వచ్చాక సంగతేమిటి? 1997 తర్వాత సొంత కొత్త పాటల ఆల్బమ్ 2003లో. ఆపైన 2008, 2016, 2023. 2011లో రాక్ గాయకుడు లూ రీడ్‌తో కలిసి చేసిన దాన్నీ లెక్కలో వేయమంటే ఒప్పుకోను, అభిమానినే గానీ చెవిటివాణ్ణి కాను. 2001లో గాయకుడు హెట్‌ఫీల్డ్ వ్యసనం మాన్పించే చికిత్సకు వెళ్లాడు, అది న్యాయమైన కారణమే. మిగతావో? 2014లో గిటారిస్టు కిర్క్ హామెట్ రెండొందల యాభై దాకా గిటార్ బాణీలున్న ఫోన్ పారేసుకున్నాడు. కాపీ లేదట! మా వీధి ఫొటోగ్రాఫర్ పెళ్లి వీడియోని మూడు చోట్ల దాస్తాడు. పోనీ, టైమ్ తీసుకుంటే నాణ్యత వస్తుందా అంటే, 2003 ఆల్బమ్‌లో ఆ డ్రమ్ము చప్పుడు వినండి, ఖాళీ నూనె డబ్బా మీద కొట్టినట్టు ఉంటుంది.

వయసు అసలు కారణం కాదు. జూడాస్ ప్రీస్ట్ బ్యాండ్ గాయకుడు రాబ్ హాల్‌ఫర్డ్ డెబ్బై దాటాక, 2024లో, కొత్త ఆల్బమ్ ఇచ్చాడు. మెటాలికా వాళ్లూ 2023 ఏప్రిల్‌లో ఆమ్‌స్టర్‌డామ్‌లో టూర్ మొదలెట్టి, ఊరికి రెండేసి రాత్రులు, మొదటి రోజు వాయించిన పాట రెండో రోజు వాయించకుండా నెట్టుకొచ్చారు. ఒంట్లో ఓపిక లేనివాళ్లు చేసే పనేనా అది? టిక్కెట్లు అమ్ముడవుతున్నాయి, పాత ఆల్బమ్‌లు కొత్త పెట్టెల్లో అమ్ముడవుతున్నాయి, సొంత విస్కీ కూడా ఉంది. ఇంక కొత్త పాట రాయాల్సిన అవసరమేముంది?

అయినా వాళ్లననేం లాభం. భోగాపురం విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మేలో మరోసారి శంకుస్థాపన చూసిన జిల్లా మాది. మెటాలికా ఒకే ఆల్బమ్‌కి రెండుసార్లు కొబ్బరికాయ కొట్టలేదు కదా.

ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్‌గా 1919లో సంగీత కళాశాల వెలసిన ఊరు ఇది. ద్వారం వారు ఫిడేలు నేర్పిన ఊరు. ఇక్కడ నలుగురు పిల్లలు గిటార్లు పట్టుకుని హాలు అద్దెకు అడిగితే పోలీసు కాయితం అంటారు, ఫైర్ కాయితం అంటారు, చివరికి "రాకా? గొడవలైతే ఎవరు బాధ్యత?" అంటారు. నాయకుడి పుట్టినరోజుకి అర్ధరాత్రి దాకా డీజే దద్దరిల్లితే మాత్రం ఏ కాయితమూ అక్కర్లేదు. మాలాంటివాళ్లం మెటాలికా షో చూడ్డానికి 2011 అక్టోబర్‌లో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి బెంగళూరు పోవాల్సి వచ్చింది. అదీ గుర్గావ్ షో రద్దయి జనం స్టేజీ విరగ్గొట్టిన రెండ్రోజులకి, ఇదైనా జరుగుతుందో లేదోనని టెన్షన్ పడుతూ.

ఇంకో మాట. మీ వ్యాసం పక్కన వేసిన బొమ్మ మెటాలికాది కాదు. ఆ పీనుగు మొహం ఐరన్ మెయిడెన్ అనే ఇంకో బ్యాండ్ వాళ్ల గుర్తు బొమ్మ ఎడ్డీది. తెలియకపోతే తప్పులేదు, అడిగితే చెప్పేవాళ్లం ఈ ఊళ్లోనే ఉన్నాం. సవరణ వేయండి. ఎప్పట్లా సంతాప ప్రకటనల కింద చీమ తలకాయంత అక్షరాల్లో కాకుండా, ఆ బొమ్మ వేసిన సైజులోనే వేయండి.

ఒక పాఠకుడు,
కంటోన్మెంట్, విజయనగరం