బుడమేరు నీళ్ల వెంట

హాస్టల్,
డిసెంబరు 2024

ఒరేయ్ మామా,

ఎలా ఉన్నావురా? అమ్మకి మోకాళ్ల నొప్పులు తగ్గాయా? వరదలో పాడైన ఫ్రిజ్ పోయి కొత్తది వచ్చిందని, సంక్రాంతి లోపు గోడలకు సున్నాలు వేయించేస్తున్నారని మీ చెల్లి చెప్పింది. ఆ సున్నాల విషయంలో నీతో ఒక పని ఉంది, చివర్లో చెప్తాను.

పోయిన నెల ఫోన్‌లో అడిగావు కదా, "ఇంతకీ నువ్వు చదివేది సైన్సా, ఆర్ట్సా?" అని. అప్పుడు బస్సులో ఉన్నాను, సిగ్నల్ పోయింది, జవాబు చెప్పనేలేదు. సివిల్ ఇంజినీరింగ్ చదివి, ఉద్యోగం మానేసి, మళ్లీ పర్యావరణం మీద పీజీలో చేరినవాణ్ణి నువ్వు కాకపోతే ఇంకెవరడుగుతారు? వాట్సాప్‌లో నాలుగు ముక్కలు కొడితే తేలేది కాదు. తీరిగ్గా చదువు.

బీటెక్‌లో మనిద్దరం ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్ పేపర్ రాశాం, గుర్తుందా? ముందు రోజు రాత్రి ఆల్ ఇన్ వన్ కొని, ఓజోన్ పొర, ఆమ్ల వర్షాలు, ఆహారపు గొలుసు గబగబా బట్టీ పట్టేసి పాసైపోయాం. ఆ పేపర్ వెనక ఎంత కథ ఉందో నాకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది. ఎం.సి. మెహతా అనే లాయరు వేసిన కేసులో 1991లో సుప్రీంకోర్టు, బళ్లలోనూ కాలేజీల్లోనూ పర్యావరణం తప్పకుండా చెప్పాలని తీర్పిచ్చింది. దాన్ని బట్టే తర్వాత యూజీసీ డిగ్రీ పిల్లలందరికీ, కామర్స్ వాళ్లయినా కంప్యూటర్స్ వాళ్లయినా సరే, ఆరు నెలల పాఠం తయారుచేసింది. ఫీల్డ్ వర్క్ కూడా అందులో భాగమే. మన ఊరి చెరువు దగ్గరికో, వాగు దగ్గరికో వెళ్లి చూసి రాయమన్నారు. మనం చూడలేదు, ఎవరూ చూపించలేదు. అంత మంచి ఆలోచన రెండు మార్కుల ప్రశ్నలకి దిగిపోయిందంటే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇక్కడ మా క్లాసులో పద్నాలుగు మందిమి. జువాలజీ నుంచి వచ్చినవాళ్లున్నారు, ఎకనమిక్స్ వాళ్లున్నారు, లా చదివినవాడొకడు, ఫిషరీస్ చేసిన అమ్మాయి ఒకతె, ఎం.ఏ. ఇంగ్లీషు చేసిన ఇంకో అమ్మాయి. మొదటి సెమిస్టర్‌లో అందరూ అన్నీ చదవాలి. నేను చట్టాలు చదివాను, లా వాడు మట్టి పరీక్ష చేశాడు, ఇంగ్లీషు అమ్మాయి స్టాటిస్టిక్స్ లెక్కలతో కుస్తీ పట్టింది. మొదట్లో చాలా టెన్షన్ పడ్డాను మామా. ఒకరి మాట ఒకరికి అర్థమయ్యేది కాదు.

అది మారింది ఒక ప్రశ్నతో. ఒక రోజు మేడమ్ క్లాసులోకి వచ్చి బోర్డు మీద "కొల్లేరు ఎంత పెద్దది?" అని రాసి కూర్చున్నారు. ఇందులో ఏముంది అనుకున్నాను. సముద్రమట్టానికి ఎన్ని అడుగుల ఎత్తు దాకా నీళ్లున్నాయో దాన్ని బట్టి విస్తీర్ణం చెప్పాలి కదా. మూడో కాంటూరు (అంటే మూడడుగుల ఎత్తు గీత) దాకా అయితే సుమారు 135 చదరపు కిలోమీటర్లు, అయిదో కాంటూరు దాకా 308, పదో కాంటూరు దాకా 901 అని లేచి చెప్పేశాను. లా వాడు ఒప్పుకోలేదు. 1999లో ప్రభుత్వం అయిదో కాంటూరు వరకే అభయారణ్యంగా ప్రకటించింది కాబట్టి కొల్లేరంటే 308 అంతే, మిగతాది చట్టం లెక్కలోకి రాదన్నాడు. జువాలజీ అబ్బాయి, 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ చిత్తడినేలగా గుర్తించింది మొత్తం 901నీ, పక్షికి మీ గీతలతో పనేంటి అన్నాడు. ఎకనమిక్స్ అమ్మాయి అడిగింది, "ఆ గీత లోపల జిరాయితీ పట్టా ఉన్న రైతుని అడిగారా?" అని. గంటన్నర వాదించుకున్నాం. మేడమ్ ఒక్క మాటా అనలేదు. బెల్ అయ్యాక మాత్రం, "వచ్చే నెల వెళ్లి అక్కడివాళ్లనే అడుగుదాం" అన్నారు.

పోయిన నెలాఖరులో వెళ్లి పది రోజులు ఉన్నాం. ఒక లంక గ్రామంలో స్కూలు పక్క గదుల్లో బస. చుట్టూ ఎటు చూసినా చేపల చెరువులే. గట్టు మీద నిలబడితే ఇంకో గట్టు, దాని అవతల ఇంకోటి. సరస్సు చూడ్డానికి వచ్చి సరస్సు ఎక్కడుందో వెతుక్కున్నాం.

ఒక పొద్దున్నే మేత వేసే ఆయనతో పడవెక్కాను. నీళ్లలో వరసగా పాతిన కర్రలు, ఒక్కో కర్రకి ఒక్కో ప్లాస్టిక్ సంచి. సంచి అడుగున చిన్న చిన్న చిల్లులు. తవుడు, వేరుశనగ చెక్క కలిపి అందులో నింపి నీళ్లలోకి వదుల్తారు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు, సంచి వణకడం మొదలైంది. లోపల ఏదో ప్రాణి ఉన్నట్టే కదుల్తోంది. శీలావతి, బొచ్చె చేపలు కింద నుంచి వచ్చి ఆ చిల్లుల దగ్గర మూతులు పెట్టి లాక్కుంటున్నాయి. మొత్తం మేత ఒకేసారి నీళ్లలో చల్లితే సగం అడుక్కి దిగి కుళ్లిపోతుంది, ఇలాగైతే వృథా తక్కువ అని ఫిషరీస్ అమ్మాయి చెప్పింది. ఆ పెరిగిన చేప ఐసు పెట్టెల్లో లారీలెక్కి బెంగాల్, అస్సాం దాకా పోతుంది. ఆ సంచుల్ని కట్టేది, విప్పేది, నింపేది ఆయనే. చెరువు ఆయనది కాదు, రోజు కూలి.

ఆయన అడిగిన ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. "బాబూ, గట్లు కొట్టేస్తే పిట్టలొస్తాయంటారు. రావాలి, మంచిదే. మరి నాకు పనెవరిస్తారు?" నా దగ్గర జవాబు లేదు. పడవలో ఇంకెవరి దగ్గరా లేదు.

ఆ ప్రశ్నకి చరిత్ర ఉంది. ఒకప్పుడు వేసవిలో నీళ్లు తీస్తే ఆ నేలలో వరి వేసేవాళ్లు, వరదొస్తే మునిగేది. 70వ దశకంలో ప్రభుత్వమే మత్స్యకారులతో సహకార సంఘాలు పెట్టించి చెరువులు తవ్వించింది. తర్వాత డబ్బున్నవాళ్లు బయటి నుంచి వచ్చి లీజుకి తీసుకున్నారు, గట్లు పెరిగాయి. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో యంత్రాలు దింపి, కొన్నిచోట్ల పేలుడు పదార్థాలు పెట్టి మరీ ఆ గట్లు తెగ్గొట్టారు. కొన్నేళ్లకు మళ్లీ లేచాయి. చట్టం ఒక్కదానితో అయ్యే పని అయితే అప్పుడే అయిపోయేది కదా అని మా లా వాడే అన్నాడు. వాడి నోట ఆ మాట వచ్చినప్పుడు చాలా ఆనందం వేసింది నాకు.

ఆటపాక పక్షుల కేంద్రానికి కూడా వెళ్లాం. మామా, నువ్వు కైకలూరు మీదుగా ఎన్నిసార్లు వెళ్లుంటావో, ఒక్కసారి దిగి చూడు. గూడబాతులు, అదే పెలికాన్ పక్షులు! చెట్ల మీద, చెట్లు చాలక అటవీశాఖ వాళ్లు నీళ్లలో నిలబెట్టిన ఇనప స్టాండ్ల మీద, గూడు పక్కన గూడు. పిల్ల తల్లి నోట్లోకి, ఆ పెద్ద సంచిలోకి, తల మొత్తం దూర్చేసి తింటుంది. మెడ దాకా లోపలికి పోతే తల్లి మింగేసిందేమో అని నేను కంగారుపడ్డాను. ఆ తల్లులు చేపలు తెచ్చేది చుట్టూ ఉన్న చెరువుల నుంచి కూడా. అంటే చెరువులు చెడ్డవి, పక్షులు మంచివి అని రెండు ముక్కల్లో తేల్చేసే వీల్లేదు. అలాగని గూడబాతులు బాగున్నాయి కాబట్టి కొల్లేరు బాగుందనీ అనలేం. ఊళ్లో ఒక తాత తాటి దోనె మీద తిరిగిన రోజుల్లో పట్టిన చేపల పేర్లు చెప్పాడు. కొర్రమీను, మట్టగిడస, ఇంగిలాయి, వాలుగ, పరిగెలు. ఇప్పుడెన్ని దొరుకుతున్నాయి తాతా అంటే వేళ్లు ముడిచి చూపించాడు.

అక్కడ మా ఇంగ్లీషు అమ్మాయి చెప్పిన సంగతి వినాలి నువ్వు. కొల్లేరు దగ్గర ఆరేడు అనే ఊళ్లో ఈ గూడబాతుల పెద్ద స్థావరాన్ని 1946లో గుర్తించి లోకానికి తెలియజేసింది కె.కె. నీలకంఠన్. కేరళ ఆయన, కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పినాయన. మూడు నెలలుగా "నాకిక్కడ ఏం పని" అని బెంగపడుతున్న అమ్మాయి ఆ విషయం ఎక్కడో చదివి పట్టుకుంది. మాకు చెప్తున్నప్పుడు దాని కళ్లు మెరిశాయి రా. ఆయన గుర్తించిన ఆ స్థావరం 1975 ప్రాంతానికి ఖాళీ అయిపోయింది. చేపల వేట, సేద్యం దగ్గరికొచ్చేసరికి పక్షులు వదిలి వెళ్లిపోయాయి. దశాబ్దాలు గడిచాక మళ్లీ ఇలా కనిపిస్తున్నాయంటే ఎంత విలువైన సంగతో చూడు.

ఇప్పుడు నీ ఇంటి సంగతికి వస్తాను. సెప్టెంబరు 1న విజయవాడ సింగ్‌నగర్‌లో మీ మెట్ల మీదకి వచ్చిన బుడమేరు వాగు నీళ్లు ఎక్కడికి పోవాలో తెలుసా? కొల్లేటికే. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ పెట్టి డైవర్షన్ కాలవలో కృష్ణకి మళ్లించారు గానీ, దాని పాత దారి మాత్రం మీ పేటల మధ్య నుంచి కొల్లేటికే. ఆ రోజు డైవర్షన్ కాలవ కట్ట తెగింది, నీళ్లు పాత దారి వెతుక్కున్నాయి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు అన్నీ వచ్చి కొల్లేట్లో చేరితే, బయటికి పోవడానికున్నది ఒక్క ఉప్పుటేరే. లోపల గట్లు అడ్డం నిలబడితే నీళ్లు అంత త్వరగా తీయవు. వేసవిలో పై నుంచి నీళ్లు తగ్గితే అదే ఉప్పుటేరులో సముద్రం ఆటుపోటుకి ఉప్పు నీళ్లు ఎదురొస్తాయి. విజయవాడలో మునిగిన నీ ఇల్లు, మేత సంచి కట్టే ఆయన కూలి, గూడబాతు పిల్ల నోట్లో చేప, అన్నీ ఒకే నీళ్ల మీద ఉన్నాయి. దీన్ని సైన్సనాలో ఆర్ట్సనాలో నువ్వే చెప్పు.

ఒక్క విషయంలో మాత్రం కోపం వచ్చింది. డిసర్టేషన్ రిజిస్టర్ చేసే ఫారంలో "శాఖ" అని ఒకటే గడి ఉంది. నేను నీళ్ల లెక్కలు, ఎకనమిక్స్ అమ్మాయి కూలీల ఆదాయాలు కలిపి ఒకే పనిగా చేస్తామన్నాం. ఇద్దరు కలిసి ఒకే డిసర్టేషన్ రాయడానికి వీల్లేదన్నారు, ఇద్దరు గైడ్లు రెండు శాఖల వాళ్లయితే అసలే వీల్లేదన్నారు. ఆఫీసు చుట్టూ వారం రోజులు తిరిగాం. కలిసి చదవమని కోర్సు పెట్టి, కలిసి రాయడానికి గడి లేకపోతే ఎలారా? చివరికి మేడమ్ గట్టిగా నిలబడి ఒక కాగితం మీద ప్రత్యేక అనుమతి తెచ్చారు. ఆ కాగితాన్ని నేను లామినేషన్ చేయించి పెట్టుకున్నాను.

అందుకే ఇప్పుడు నీతో పని. సున్నాలు వేసే లోపు, మీ ఇంటి గోడ మీద వరద మరక ఉంది కదా, దాన్ని కొలిచి పంపు. గడప మీద నుంచి మరక పైఅంచు దాకా, టేపు నిటారుగా పెట్టి, అంగుళాల్లో. టేపు అంకె కనపడేలా ఫోటో తీయి. వీలైతే మీ వీధిలో ఇంకో నాలుగు ఇళ్లలో కూడా. నీళ్లు ఎన్ని రోజులకి తీశాయో, ఏ పూట నుంచి దిగడం మొదలైందో అమ్మని అడిగి రాయి, ఆవిడకి గంటలతో సహా గుర్తుంటుంది. పండక్కి వచ్చినప్పుడు ఆ గడప ఎత్తు నేను సర్వే లెవెల్ పరికరంతో కొలుచుకుంటాను.

సున్నం వాళ్లు ఎప్పుడొస్తున్నారో చెప్పు. రేపే అయితే ఇప్పుడే లేచి కొలువు.

నీ,
మామ