పన్నెండు మార్కుల పుస్తకం

సంపాదకులకు నమస్కారం.

యూనివర్సిటీ అధ్యాపకుల నియామకాల గురించి ఎప్పుడు వార్త వచ్చినా, ఎన్ని పోస్టులు ఖాళీగా ఉన్నాయి, కోర్టులో కేసు ఎంతవరకు వచ్చింది అన్న రెండింటి మీదే చర్చ నడుస్తుంది. అవి ముఖ్యమే, కాదనను. కానీ ఆ పోస్టుల కోసం ఎదురుచూస్తున్న పిల్లల్ని ఏ తక్కెడలో వేసి తూస్తున్నామో ఎవరూ అడగడం లేదు. ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ, పీజీ విద్యార్థులకు రాజనీతిశాస్త్రం చెప్పినవాణ్ని. నా సబ్జెక్టులోనే ఒక మనిషి ఉద్యోగ జీవితాన్ని ముందుపెట్టి ఆ ప్రశ్న అడుగుతున్నాను.

ఆయన పేరు జాన్ రాల్స్, అమెరికా రాజకీయ తత్వవేత్త. ఎంఏ రాజనీతిశాస్త్రం చదివినవాళ్లకు, అధ్యాపకుల అర్హత పరీక్ష నెట్‌కో సివిల్స్‌కో ప్రిపేర్ అయినవాళ్లకు చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం ఒక్క ముక్క. ఏ ఇంట్లో పుడతామో, ఆస్తి ఉంటుందో లేదో, ఎంత తెలివితేటలు వస్తాయో ఏదీ తెలియకముందే కూర్చుని సమాజానికి నియమాలు రాసుకోమంటే, మనం ఎలాంటివి రాసుకుంటాం అని అడిగినాయన ఈయన. క్లాసులో ఈ పాఠం చెప్పేటప్పుడు ఆ జాబితాలో నేను కులం కూడా చేర్చేవాణ్ని. అప్పటిదాకా కిటికీలోంచి బయటికి చూస్తున్న పిల్లలు కూడా తలతిప్పి చూసేవారు.

రాల్స్ 1921లో అమెరికాలోని బాల్టిమోర్‌లో పుట్టారు. 1943లో ప్రిన్స్‌టన్‌లో డిగ్రీ కాగానే సైన్యంలో చేరి పసిఫిక్ యుద్ధంలో ఉన్నారు. బాంబు పడ్డాక హిరోషిమా శిథిలాల మీదుగా వెళ్లిన సైనికుల్లో ఆయనా ఒకరు. తిరిగొచ్చి 1950లో పీహెచ్‌డీ పూర్తి చేశారు. అక్కడి నుంచి లెక్క చూడండి. 1951లో ఒక వ్యాసం, 1955లో ఒకటి, 1958లో మరొకటి. పుస్తక సమీక్షల్లాంటివి పక్కనపెడితే, మొదటి పదేళ్లలో ఆయనకు పేరు తెచ్చినవి ఈ మూడే. మధ్యలో ఆక్స్‌ఫర్డ్‌లో ఒక ఏడాది, ఆ తర్వాత కార్నెల్‌లో, ఎంఐటీలో ఉద్యోగం. 1962లో హార్వర్డ్ ప్రొఫెసర్‌గా తీసుకుంది. అప్పటికి ఆయన రాసిన పుస్తకం ఒక్కటీ లేదు. తొలి పుస్తకం ‘ఎ థియరీ ఆఫ్ జస్టిస్’ 1971లో వచ్చేనాటికి ఆయనకు యాభై ఏళ్లు. దాదాపు ఇరవై ఏళ్లు దాన్ని రాసి, చెరిపి, క్లాసులో చెప్పి, పిల్లలు అడ్డు ప్రశ్న వేస్తే మళ్లీ తిరగరాశారు. ఆ పుస్తకం వచ్చాక రాజకీయ తత్వశాస్త్రంలో ఏమి రాసినా, రాల్స్‌తో ఏకీభవించో విభేదించో రాయాల్సి వచ్చింది.

ఇప్పుడు మన దగ్గరికి రండి. యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ 2018 నాటి నిబంధనల ప్రకారం అసోసియేట్ ప్రొఫెసర్ కావాలంటే కనీసం 7 ప్రచురణలు, 75 రీసెర్చ్ స్కోరు (పరిశోధన పనికి వేసే మార్కుల మొత్తం) ఉండాలి. ప్రొఫెసర్‌కైతే 10 ప్రచురణలు, 120 స్కోరు. ఆర్ట్స్ సబ్జెక్టుల్లో జర్నల్లో పడిన ఒక్కో వ్యాసానికి 10 మార్కులు. అంతర్జాతీయ ప్రచురణ సంస్థ వేసిన పుస్తకానికి 12 మార్కులు. ‘ఎ థియరీ ఆఫ్ జస్టిస్’ను వేసింది హార్వర్డ్ యూనివర్సిటీ ప్రెస్. ఆరువందల పేజీల దాకా ఉంటుంది. ఇరవై ఏళ్ల పనికి 12 మార్కులు. నాలుగేసి పేజీల వ్యాసాలు రెండు వేసుకున్నవాడికి 20. ఈ లెక్కన 1962 నాటి రాల్స్ మామూలు దారిలో మన దగ్గర ప్రొఫెసర్ మాట అటుంచి, అసోసియేట్ ప్రొఫెసర్ గడప దాటడమే కష్టమయ్యేది.

నా దగ్గర చదువుకున్న ఒకబ్బాయి ఉన్నాడు. అబ్బాయి అంటున్నాను గానీ నలభై దాటాయి, ఇంకా కాంట్రాక్టు మీదే చెబుతున్నాడు. కిందటేడు ఒక ప్లాస్టిక్ ఫైలు చంకలో పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. అందులో అచ్చయిన పేపర్లు, సెమినార్ సర్టిఫికెట్లు ఒకదాని వెనక ఒకటి కవర్లలో దోపి ఉన్నాయి. ఒక జర్నల్‌కు పేపరు పంపి ఫీజు కడితే నాలుగో రోజుకల్లా యాక్సెప్ట్ అయిందని మెయిల్ వచ్చిందట. తీసి చూస్తే శీర్షికలోనే ‘రాల్స్’ను ‘రోల్స్’ చేసేశారు. ఒక్కరైనా చదివి ఉంటే ఆ తప్పు మిగిలేదా? “చదవరు మాస్టారూ, లెక్కపెడతారంతే” అన్నాడు. ఆ మాట అంటూ వాడు తల ఎత్తలేదు. ఎంతో ఇష్టంగా చదువుకున్న విషయం మీద వాడి చేత ఇలాంటి పని చేయించింది ఈ తక్కెడే.

ఈ లెక్కలు ఎందుకొచ్చాయో నాకు తెలుసు. ఉద్యోగం పర్మినెంట్ అయ్యాక పాతికేళ్లు ఒక్క పేజీ రాయనివాళ్లను, పసుపెక్కిన పాత నోట్సే ఏటా డిక్టేషన్ చెప్పినవాళ్లను కళ్లారా చూశాను. ఇంటర్వ్యూల్లో పైరవీలు నడిచిన మాటా నిజమే. అంకెలుంటే పైరవీ తగ్గుతుందని అనుకున్నారు. తగ్గిందా అంటే, డబ్బు కట్టి అచ్చేయించుకునే జర్నళ్లు పుట్టుకొచ్చాయి. బద్ధకస్తుడు వాటిలో వేయించుకుని గట్టెక్కుతున్నాడు. నిజాయితీగా చదివేవాడే నలిగిపోతున్నాడు.

రాల్స్‌కు దొరికింది తీరిక, దాని వెనక నమ్మకం. 1969-70లో ఆయన స్టాన్‌ఫర్డ్‌లోని ఒక అధ్యయన కేంద్రంలో ఉన్నారు. అది పండితులను ఏడాదిపాటు పిలిచి, పాఠాలు చెప్పే పని లేకుండా రాసుకోనిచ్చే చోటు. పుస్తకం చివరి ప్రతి అక్కడ టేబుల్ మీద ఉండగా, 1970 ఏప్రిల్‌లో ఎవరో ఆ కేంద్రానికి నిప్పుపెట్టారు. రాల్స్ గది కాలలేదు గానీ ఫైరింజన్ నీళ్లకు కాగితాలన్నీ ముద్దయ్యాయి. ఒక్కో పేజీ విడదీసి ఆరబెట్టుకుని మళ్లీ పని మొదలుపెట్టారు. అదే మంటల్లో మనవాడొకాయన అంతకంటే ఎక్కువ పోగొట్టుకున్నారు. సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ కూడా ఆ ఏడాది అక్కడే ఉన్నారు. మైసూరు దగ్గర రామపుర అని తాను పేరు పెట్టుకున్న పల్లెలో 1948లో ఉండి రాసుకున్న నోట్సును ఏళ్ల తరబడి సర్ది తయారుచేసుకున్న మూడు ప్రతులూ కాలిపోయాయి. ఆయన ఎక్కువగా జ్ఞాపకం మీదే ఆధారపడి రాసిన ‘ది రిమెంబర్డ్ విలేజ్’ 1976లో వచ్చింది. పల్లెకు వెళ్లిన ఏడాదికీ పుస్తకం వచ్చిన ఏడాదికీ మధ్య 28 ఏళ్లు. మన దేశపు పల్లెల గురించి చదివేవాళ్లు నేటికీ ఆ పుస్తకం తెరుస్తున్నారు. అలాంటి పని అలాగే పండుతుంది.

ఇంకో సంగతి. రాల్స్‌కు చిన్నప్పటి నుంచి నత్తి. ఆయన జబ్బులు అంటుకుని ఇద్దరు తమ్ముళ్లు ఏడాది తేడాతో చనిపోయారు, నత్తి అప్పుడే మొదలైందంటారు. వేదికలకు, ఇంటర్వ్యూలకు దూరంగా ఉండేవారు. ఆ మనిషే క్లాసుకు మాత్రం ఏటా పాఠం దిద్దుకుని వెళ్లేవారు, నోట్సు కాపీలు తీయించి పిల్లలకు పంచేవారు. ఒకసారి పీహెచ్‌డీ వైవాలో అభ్యర్థి కళ్లలో ఎండ పడుతుంటే, ఈయన లేచి ఆ ఎండకు అడ్డంగా కూర్చున్నారని శిష్యులు చెప్పుకుంటారు. పంచిన ఆ నోట్సులే తర్వాత 2000లో ఒక పుస్తకంగా, 2007లో మరో పుస్తకంగా వచ్చాయి. అంటే ముప్పై ఏళ్లు తరగతి గదిలో చేసిన పని అది. మన స్కోరు పట్టికలో అలాంటి పాఠానికి గడి ఏది?

రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లనూ, యూజీసీనీ నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు. అభ్యర్థి తానే ఎంచి ఇచ్చిన రెండు రచనలను ఆ సబ్జెక్టు తెలిసిన ముగ్గురు పూర్తిగా చదవాలి. చదివి ఏమనిపించిందో పేరు పెట్టి, కారణాలతో రాయాలి. ఆ రాత అభ్యర్థికీ, అడిగినవాళ్లకూ అందుబాటులో ఉండాలి. పైరవీకి అంకెలకన్నా అదే గట్టి అడ్డు. తాను చదివింది తెలుగులో మన పిల్లలకు అర్థమయ్యేలా రాసినవాడి పనిని కూడా అదే గౌరవంతో చదవాలి. ఇక ఖాళీలు నింపకుండా పదేళ్లు, పదిహేనేళ్లు కాంట్రాక్టు మీద తిప్పితే, వచ్చే ఏడు రెన్యూవల్ అవుతుందో లేదోనన్న టెన్షన్‌లో ఎవడూ లోతుగా ఆలోచించలేడు. ఆ పోస్టులు నింపాలి.

ఆ అబ్బాయి వెళ్తూ వెళ్తూ ఫైలు అడుగునుంచి ఒక లాంగ్ నోట్‌బుక్ తీసి నాకిచ్చాడు. ఆరేళ్లుగా రాల్స్‌ను తెలుగులో వివరిస్తూ రాసుకుంటున్నాడట. ‘ఫెయిర్‌నెస్’కు తెలుగు మాట కోసం మూడు పేజీలు వెతికాడు. సమంజసం, ధర్మం, పక్షపాతం లేకపోవడం అని రాసి, కొట్టేసి, మళ్లీ రాశాడు. ఒకచోట రాల్స్ ఇచ్చిన కేకు ఉదాహరణ ఉంది. ముక్కలు కోసినవాడే ఆఖరి ముక్క తీసుకోవాలని పెడితే, చెప్పకుండానే సమానంగా కోస్తాడు. దాని పక్కన మార్జిన్‌లో పెన్సిల్‌తో వాడు రాసుకున్న మాట ఇది: “మా నాయనమ్మ తాండ్ర కోసి పంచేటప్పుడు అందరి చేతుల్లో పెట్టాకే తన ముక్క తీసుకునేది.”

ఆ పుస్తకం ఇంకా నా టేబుల్ మీదే ఉంది. వాడి అప్లికేషన్‌తో జత చేయడానికి ఫారంలో దానికి కాలమ్ లేదు.

– ఒక విశ్రాంత రాజనీతిశాస్త్ర అధ్యాపకుడు, తెనాలి