ఒడిశాలోని గజపతి జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

పర్లాకిమిడిలో తెలుగు మాట్లాడే ఇళ్లు చాలా ఉన్నాయని మీకు తెలుసు. వాటిలో కొన్నింట్లో తండ్రి తల్లిని కొడుతుంటే పక్కగదిలో పదో తరగతి పుస్తకం పట్టుకుని బిగుసుకుపోయే పిల్లల గురించి ఈ ఉత్తరం. దెబ్బలు తల్లికే కదా అని వాళ్లను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పిల్లాడు ఒకరోజు తిరగబడితే మాత్రం 'చెడిపోయాడు' అంటారు.

2005 గృహహింస చట్టం కింద 18 ఏళ్లలోపు వాళ్లంతా పిల్లలే. హింస జరుగుతోందని ఎవరైనా రక్షణాధికారికి (ఈ చట్టం కింద బాధితులకు సాయం చేసే అధికారికి) చెప్పొచ్చు, మంచి ఉద్దేశంతో చెప్పినవారిపై కేసు ఉండదు. మా వీధుల్లో ఇది తెలిసినవాళ్లు తక్కువ. 'సంసారం గొడవ, మనకెందుకు' అని తలుపేసుకుంటారు.

పిల్లల హెల్ప్‌లైన్ 1098, మహిళల హెల్ప్‌లైన్ 181 నంబర్లను బడి గోడల మీద ఒడియాతో పాటు తెలుగులోనూ రాయించండి. పిల్లలకు ఒడియా వచ్చు, చాలామంది అమ్మమ్మలకు ఒడియా చదవడం రాదు (నిజానికి ముందు వాళ్లకే తెలుస్తుంది, ఇంట్లో ఏం జరుగుతోందో). ప్రతి హైస్కూల్లో ఒక టీచరుకు శిక్షణ ఇప్పించండి. పిల్ల చెప్పగానే తండ్రిని పిలిపించి నిలదీయకూడదని మొట్టమొదట నేర్పాలి. అలా చేస్తే ఆ రాత్రి దెబ్బలు రెట్టింపవుతాయి. బాలల సంక్షేమ కమిటీ ముందుకు వెళ్లాల్సొస్తే తెలుగు తెలిసిన మనిషి పక్కన ఉండాలి. పరీక్షల టెన్షన్ మొదలుకాకముందే ఈ ఏర్పాట్లు చేయించమని మనవి.

ఇట్లు,
పర్లాకిమిడి నుంచి ఒక తల్లి